తొడిమలు తీసే నాంచారమ్మ హీరో అయ్యేదెలా: స్క్రిప్టు రాసేవాళ్లకు మెట్టు మెట్టుగా

మిర్చి సీజన్లో పొద్దున్నే గుంటూరు చుట్టుగుంట సెంటర్లో నిలబడితే ముందు తుమ్ము వస్తుంది, ఆ తర్వాతే మనుషులు కనిపిస్తారు. ఆటోలు ఆగుతాయి. ఒక్కో ఆటోలోంచి పది పన్నెండు మంది ఆడవాళ్లు దిగుతారు. ముక్కూ నోరూ కప్పుతూ పాత చీర పేలిక, చేతిలో అన్నం క్యారేజీ. గోడౌన్లో నేల మీద కూర్చున్నారంటే సాయంత్రం దాకా మిరపకాయలకు తొడిమలు తీస్తూనే ఉంటారు.

వీళ్లలో ఒకావిడని రెండు గంటల సినిమాకి హీరోని చేయాలి. చివర్లో కొడుకో, కలెక్టరో, లాయరో వచ్చి కాపాడే కథ వద్దు. ఆవిడే బయల్దేరాలి, ఆవిడే దెబ్బ తినాలి, ఆవిడే గెలిచి ఇంటికి రావాలి. షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు నాకు చూపించే కథల్లో ఇలాంటి మనిషి అప్పుడప్పుడూ తగులుతుంది. సగం కథల్లో ఆవిడని జాలిగా చూపించి వదిలేస్తారు. మిగతా సగంలో ఇంటర్వెల్ తర్వాత చేతికి కొడవలి ఇచ్చి పదిమందిని నరికిస్తారు. రెండిట్లోనూ నాకు ఆ చుట్టుగుంట ఆవిడ కనపడదు. ఆవిడ ఆవిడలాగే ఉండి హీరో కావడం ఎలాగో మెట్టు మెట్టుగా చెబుతాను. ఉదాహరణకి ఒక కథ కల్పించుకుంటూ వెళ్దాం. హీరో పేరు నాంచారమ్మ, వయసు 55.

ఈ దారి ఎక్కడిది

జోసెఫ్ క్యాంప్‌బెల్ అనే అమెరికన్ పండితుడు దేశదేశాల పురాణాలూ జానపద కథలూ పక్కపక్కన పెట్టి చదివి, వీరుల కథలన్నిటికీ ఎముకల గూడు ఒకటేనని 1949లో రాశాడు. ఇల్లు వదలడం, పరీక్షలు పడటం, తిరిగి రావడం. ఈ మూడింటినీ 17 మెట్లుగా విడదీశాడు. 1980ల్లో హాలీవుడ్ స్టూడియోలో కథలు చదివి అభిప్రాయం చెప్పే ఉద్యోగం చేసిన క్రిస్టఫర్ వోగ్లర్ వాటిని సినిమా వాళ్ల కోసం 12కి కుదించాడు. ఇప్పుడు స్క్రీన్‌ప్లే క్లాసుల్లో చెప్పేది ఎక్కువగా ఆ పన్నెండే.

మనకి ఇది కొత్త దారేం కాదు. పాశుపతాస్త్రం కోసం అన్నదమ్ముల్ని వదిలి అర్జునుడు తపస్సుకి కూర్చున్న ఇంద్రకీలాద్రి మన బెజవాడ కొండేనని తరతరాల నమ్మకం. బయల్దేరడం, కిరాతుడి వేషంలో వచ్చిన శివుడితో పోరు, అస్త్రంతో తిరిగి రావడం, అన్నీ అందులో ఉన్నాయి.

ఒక్కటే చిక్కు. అర్జునుడు ఇంట్లోంచి కదిలేటప్పటికే అర్జునుడు. నాంచారమ్మని గోడౌన్ గుమస్తా కూడా పేరుపెట్టి పిలవడు. కాబట్టి మెట్లు అవే ఉంటాయి గానీ ఎత్తులు మారతాయి.

కథకంటే ముందు చేతులు చూడండి

కథ అనుకునే ముందు ఒక పూట ఆ పని దగ్గర కూర్చోండి. అడిగి, అనుమతి తీసుకుని, ఫోను జేబులో పెట్టుకుని కూర్చోండి. మీరు వెతకాల్సింది ఒక్కటే: ఈ మనిషి చేతులకి తెలిసి, ఇంకెవరికీ పెద్దగా తెలియనిది ఏమిటి? ఇలాంటి హీరోకి ఆయుధం బయటి నుంచి రాకూడదు. రోజూ చేసే పనిలోనే, చూసేవాళ్లు పట్టించుకోని చోట ఉండాలి.

మిర్చి దగ్గర ఇలాంటివి చాలా దొరుకుతాయి. రంగు పోయి తెల్లబడిన కాయని తాలు అంటారు. అలవాటున్న చేతికి కాయ తగలగానే తాలో కాదో తెలిసిపోతుంది. తేజ రకం కాయకీ, లాం ఫారం (గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం) నుంచి వచ్చిన 334 రకం కాయకీ తేడా చూడగానే చెప్పేస్తారు. ఇవి బాగానే ఉన్నాయి గానీ ఏ ఒక్కరి సొంతమూ కావు, మిర్చి మార్కెట్ యార్డులో సగం మందికి తెలుసు.

నాంచారమ్మకి నేను ఎంచుకున్నది కుట్టు. మిర్చి నింపిన గోతాన్ని ఇక్కడ టిక్కీ అంటారు, 40 కిలోల పైన పడుతుంది. దాని మూతిని దబ్బనంతో, పురికొసతో కుడతారు. అందరూ చివర ఒక ముడి వేసి తెంపుతారు. నాంచారమ్మ రెండు వేస్తుంది. వాళ్లమ్మ అలా వేసేది, ఈవిడకీ అలాగే వచ్చింది. రెండో ముడితో ఎవరికీ పనిలేదు. మేస్త్రి అయితే పురికొస దండగని విసుక్కుంటాడు కూడా. ఆ రెండో ముడి మీదే సినిమా మొత్తం నిలబడుతుంది.

మొదటి పది నిమిషాలు

మామూలు లోకాన్ని చూపించే మెట్టు ఇది. ఇక్కడ పేదరికాన్ని చూపించాలన్న తొందర వద్దు. కారే కప్పు, మందుల చీటీ, ఖాళీ బియ్యం డబ్బా ఇప్పటికే వెయ్యి సినిమాల్లో చూశాం. ఆవిడ పనిలో ఎంత నేర్పరో చూపించండి. పన్నెండు మంది ముఠాలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు, ఎవరు ఎవర్ని ఆటపట్టిస్తారు, మధ్యాహ్నం క్యారేజీలు విప్పాక ఎవరి పచ్చడి ముందు ఖాళీ అవుతుంది, ఇవి చూపించండి. మనం ఆ లోకాన్ని ఇష్టపడితేనే ఆవిడ అది వదిలి వెళ్లేటప్పుడు మనకి భయం వేస్తుంది.

రెండో ముడిని ఇక్కడే, ఎవరూ గమనించనంత మామూలుగా చూపించి వదిలేయండి. క్లోజప్ వద్దు, సంగీతం వద్దు.

ఆవిడకి ఒక లోటు కూడా ఉండాలి. డబ్బు లోటు కాదు, మనసులోది. నాంచారమ్మ జన్మలో దేన్నీ "ఇది నాది" అనలేదు. కూలి లెక్కలో ఇరవై రూపాయలు తగ్గినా తీసుకుని కొంగున కట్టుకుంటుంది. ఆవిడ చెప్పిన మాటనే పక్కావిడ గట్టిగా చెప్పి మెప్పు పొందితే తలూపుతుంది. కథ చివరికి ఈ మనిషి నలుగురి ముందు "ఇది నాది" అనాలి. రాసేటప్పుడు ఈ రెండు చివర్లనీ ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి. మధ్యలో వచ్చే ప్రతి సీనూ ఆవిడని అటు ఒక్క అడుగైనా జరపాలి.

పిలుపు ఒక ప్రశ్నలా రావాలి

రాజుగారు పిలిచి రాకుమారిని వెతికి తెమ్మనే పిలుపు నాంచారమ్మకి రాదు. ఆవిడ జీవితంలోకి వచ్చేదల్లా చిన్న చిన్న ఇబ్బందులే. కాబట్టి పిలుపు కూడా గుమ్మం దాకా వచ్చిన ఒక ఇబ్బందిలా ఉండాలి.

ఆవిడ చెల్లెలి కొడుకు కౌలు రైతు. కిందటి వేసవిలో రేటు లేక 60 టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో (ఇక్కడివాళ్లు ఏసీ అంటారు) పెట్టాడు. సరుకు పెట్టినందుకు వాళ్లిచ్చిన రసీదు, అంటే బాండు మీద బ్యాంకులో అప్పు తెచ్చాడు. కళ్లంలో తాలు ఏరి, గోతాలు కుట్టి పంపింది నాంచారమ్మే. ఏడాది తర్వాత సరుకు బయటికి తీస్తే గోతాల మీద లాట్ నంబరు అదే, లోపల సగం తాలు. కుర్రాడు ఒక టిక్కీని టీవీఎస్ బండి మీద వేసుకుని పెద్దమ్మ ఇంటికి వచ్చి అడుగుతాడు: "పెద్దమ్మా, ఇవి మన కాయలేనా?"

సాయం చెయ్యమని అడగలేదు, పోరాడమనలేదు. ఒక ప్రశ్న అడిగాడు. జవాబు ప్రపంచంలో ఆవిడ ఒక్కదానికే తెలుసు.

కాదనడం: దీనికి ఎక్కువ టైము ఇవ్వండి

కొత్తగా రాసేవాళ్లు ఈ మెట్టుని ఒక్క డైలాగులో దాటేస్తారు. బలవంతుడైన హీరో విషయంలో అయితే ఫర్వాలేదు, ఎలాగూ వెళ్తాడని మనకి తెలుసు. నాంచారమ్మ నిజంగానే వెళ్లకపోవచ్చు. ఆ అనుమానాన్ని ఎంతసేపు నిలబెట్టగలిగితే సినిమాకి అంత బలం.

ముందు ఆవిడ కాదనడానికి గట్టి కారణం పెట్టండి. పిరికితనం చాలదు. మేస్త్రి దగ్గర ఆవిడ అడ్వాన్సు తీసుకుంది. ఆ మేస్త్రి పనికి పంపేది, ఈ కోల్డ్ స్టోరేజీలో వాటా ఉన్న షావుకారు గోడౌన్‌కే. నోరు విప్పితే ఆవిడ ఒక్కదాని పనే పోదు, మిగతా పదకొండు మందికీ పోతుంది. సీజను కొన్ని నెలలే. అంటే, ఆవిడ వెళ్లకపోవడమే న్యాయమని చూసేవాళ్లకి కూడా అనిపించాలి.

ఇక మాటలు. మనవాళ్లలో ఇలాంటి మనిషి "నేను చెయ్యను" అనదు. ఈ సీను చూడండి:

నాంచారమ్మ గోతం మూతి తడుముతుంది. ఒకటే ముడి. చెయ్యి అక్కడే ఆగిపోతుంది.

"ఏంది పెద్దమ్మా, చెప్పవేంది?"

"ఏముందిరా చెప్పటానికి. ఏసీలో పెడితే కాయ రంగు మారిద్ది."

"మారితే అంతా మారాలిగా. పైన ఎర్రంగా ఉండి అడుగున తాలెట్టా వచ్చింది?"

ఆమె లేచి గోతాన్ని గోడవారకి జరుపుతుంది, నీడలోకి.

"అన్నం తిన్నావా?"

ఆ "అన్నం తిన్నావా"యే ఆవిడ కాదనడం. కుర్రాడికి అర్థమైంది, మనకీ అర్థమైంది. గోతాన్ని ఎండలోంచి నీడకి జరపడంలో ఆవిడ దాన్ని వదిలేయలేదని కూడా తెలుస్తుంది. ఈ సీను తర్వాత ఒక రాత్రి, ఒక పగలు ఆవిడ మామూలుగా పనికి వెళ్లిరానివ్వండి. ముఠా నవ్వుతుంటే ఆవిడ నవ్వకపోవడం చాలు. ఇంట్లో గోడవార గోతం అలాగే ఉంటుంది, ఘాటుకి ఆవిడ నిద్రలో దగ్గుతుంటుంది.

గురువు

సముద్రం ఒడ్డున మౌనంగా కూర్చున్న హనుమంతుడికి జాంబవంతుడు కొత్త శక్తి ఏమీ ఇవ్వలేదు. ఉన్నది గుర్తుచేశాడు. ఇలాంటి హీరోకి సరిపోయే గురువు ఆయనే. శిక్షణ ఇచ్చే సీన్లు పెట్టారంటే ఆవిడ సొంత చేతులని మీరే తక్కువ చేసినట్టు.

మన కథలో గురువు ఒక ముసలి దడవాయి. యార్డులో కాటా వేసి తూకం రాసేవాళ్లని దడవాయిలు అంటారు. ఆయనకి శుక్లాలు వచ్చి పని మానేశాడు, టీ కొట్టు దగ్గర కూర్చుంటాడు. నాంచారమ్మ ఆయన్ని బాబాయ్ అంటుంది. ఆయన రెండే పనులు చేస్తాడు. కోల్డ్ స్టోరేజీ లోపలి చల్లగదిలో, అంటే ఛాంబర్లో, లాట్లు ఏ వరసలో పేరుస్తారో టీ గ్లాసులు పేర్చి చూపిస్తాడు. తన మంకీ క్యాపు తీసి ఆవిడ చేతిలో పెడతాడు. ఏప్రిల్ ఎండలో, గుంటూరులో, మంకీ క్యాపు. అది ఎందుకో మనకి తర్వాత తెలుస్తుంది.

ఇంకో దారీ ఉంది, కష్టమైనది. 1951 నాటి "పాతాళభైరవి"లో తోటరాముడు తోటమాలి కొడుకు. రాకుమారిని ప్రేమించడానికి ఏ అర్హతా లేనివాడు, ఆ లెక్కన మన తెరకి అనుకోని హీరోల్లో మొదటి వరసవాడు. అతనికి దారి చూపించి గుహ దాకా తీసుకెళ్లేది నేపాళ మాంత్రికుడు, అదీ బలి ఇవ్వడానికి. గురువూ శత్రువూ ఒకే మనిషి. మీ కథలో మేస్త్రిని అలా రాయగలిగితే, అంటే ఆవిడకి నిజంగానే ఒకప్పుడు అన్నం పెట్టినవాడిగా రాయగలిగితే, రెండో సగం మీరు నెట్టకుండానే నడుస్తుంది.

గడప దాటడం

ఇతర లోకం అంటే ఏడు సముద్రాల అవతల ఉండక్కర్లేదు. నాంచారమ్మ గోడౌన్‌కీ కోల్డ్ స్టోరేజీకీ మధ్య దూరం రెండు కిలోమీటర్లు పెట్టండి చాలు. తేడా ఒంటికి తెలియాలి, అంతే. బయట 43 డిగ్రీలు, తలుపు దాటితే పది డిగ్రీల లోపు. మనిషి ఊపిరి పొగలా కనపడుతుంది. కిందా పైనా అంతస్తులుగా వేల గోతాలు, మధ్యలో మనిషి పట్టేంత సందు, గుడ్డి దీపాలు. ముప్పై ఏళ్లుగా ఎండలో, ఘాటులో బతికిన ఒళ్లు ఈ చలిని ఎరగదు. మన జిల్లాలో ఇంత గొప్ప పాతాళలోకం మన కళ్ల ముందే ఉంది. కెమెరా పట్టుకున్నవాళ్లు దాన్ని వదిలేసి అడవుల్లోకి పోతుంటే నాకు మనసు ఉసూరుమంటుంది.

లోపలికి ఎలా వెళ్తుంది? ఊడ్చే పనికి. చీపురు పట్టుకున్న మనిషిని ఎవరూ ఆపరు. ఎవరి కంటికీ ఆనకపోవడం ఇన్నాళ్లూ ఆవిడ బాధ, ఇప్పుడు అదే గేటు దాటిస్తుంది. గేటు దగ్గర వాచ్‌మన్ లంకిణి లాంటివాడు. అతన్ని దుర్మార్గుడిగా రాయొద్దు, అతనికీ ఇల్లుంది. ఆవిడ మొదటి అబద్ధం అతనితోనే ఆడాలి. గొంతు తడబడాలి.

ఈ మెట్టు రెండు గంటల సినిమాలో అరగంట దగ్గర పడితే బాగుంటుంది.

పరీక్షలు, తోడు

ఇక్కడ ఎక్కువ చెప్పను. మూడు నాలుగు సీన్లు చాలు. ఒక పొరపాటు, ఒక దొరికిపోబోయిన క్షణం, ఒక స్నేహం. ముఠాలో ఒకావిడ మేస్త్రికి చెప్పేయడం కూడా ఇక్కడే రావాలి. భయంతో చెబుతుంది, ద్రోహంతో కాదు. ప్రతి పరీక్షలోనూ ఆవిడ తన పనితనంతోనే గట్టెక్కాలి, అదృష్టంతో గట్టెక్కితే ఆ సీను కొట్టేయండి.

గుహ, ఇంటర్వెల్, గండం

పన్నెండు మెట్ల పద్ధతి ఇంటర్వెల్ లేని సినిమాల కోసం తయారైంది. మన దగ్గర మధ్యలో లైట్లు వెలుగుతాయి, సమోసాలు వస్తాయి. ఇంటర్వెల్ బ్యాంగ్ అనగానే హీరో బలం చూపించే అలవాటు మనకుంది. నాంచారమ్మకి అది పనికిరాదు. మన కథలో గుహ ఆ ఛాంబరే. నా మాట వింటే, దాని తలుపు బయటి నుంచి మూసుకుపోవడం దగ్గర ఆపండి. లోపల ఆవిడ ఉందని తెలియక వాచ్‌మన్ గడియ వేసేస్తాడు. గడియ చప్పుడు, చీకటి, విశ్రాంతి. బయటికెళ్లి టీ తాగుతున్న ప్రేక్షకుడికి టెన్షన్ అలాగే ఉంటుంది.

లైట్లు ఆరాక అసలు గండం. చెల్లెలి కొడుకు టిక్కీలు వేరే లాట్ నంబరుతో ఇక్కడే ఉన్నాయి. చీకట్లో ఆవిడకి ఉన్న సాధనం వేళ్లు ఒక్కటే. గోతం తర్వాత గోతం మూతి తడుముతూ రెండు ముళ్ల కోసం వెతుకుతుంది. పావుగంట గడిచేసరికి చలికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ముప్పై ఏళ్లుగా రాత్రుళ్లు మజ్జిగలో ముంచుకున్నా మంట తగ్గని చేతులు, మొదటిసారి మంట లేకుండా ఉన్నాయి. ఏమీ తెలియడం లేదు. ముడి ఒకటో రెండో తెలియడం లేదు.

కిరాతార్జున యుద్ధం గుర్తు తెచ్చుకోండి. ఎప్పటికీ తరగని అమ్ములపొది ఖాళీ అయిపోతుంది, గాండీవం పనిచేయదు. అర్జునుడికి మిగిలింది ఒట్టి ఒళ్లు. గండం అంటే ఇదే. శత్రువు ఎంత పెద్దవాడన్నది తర్వాతి సంగతి, హీరో నమ్ముకున్న ఒకే ఒక్కటి చేతిలోంచి జారిపోవాలి. మీరు మొదట్లో ఎంచిన ఆయుధాన్ని ఇక్కడ లాగేసుకోండి, మొహమాటపడకండి.

తర్వాత ఏం చేస్తుంది? ఇక్కడ నేను చాలా రోజులు ఆగిపోయాను. సెల్‌ఫోన్ లైటు పెడదామా, కిటికీ పెడదామా అనుకున్నాను. అవన్నీ బయటి సాయాలు. చివరికి దొరికింది ఇది. ఆవిడ మొహానికి కట్టుకున్న పేలిక విప్పుతుంది. మంకీ క్యాపు కిందికి లాక్కుని చెవులు కప్పుకుంటుంది. గోతం మీదికి వంగి కుట్టుని పెదాలతో తడుముతుంది. చలిలో కూడా పెదాలకి స్పర్శ ఉంది. గోతానికి అంటిన కారం పెదాల మీద భగ్గుమంటుంది. కళ్లలో నీళ్లు. ఇంకో గోతం. ఇంకోటి. తర్వాత రెండు ముళ్లు.

సంగీతం పెట్టకండి. కోల్డ్ స్టోరేజీ యంత్రాల హోరు ఎలాగూ ఉంటుంది. రెండు ముళ్లు తగిలినప్పుడు అది కూడా ఒక క్షణం ఆగితే చాలు.

చేతికందింది, తిరుగు దారి

ఆవిడ ఆ కుట్టు ఉన్న గోతం మూతిని చీల్చి జాకెట్లో దాచుకుంటుంది. పొద్దున్న తలుపు తీసిన వాచ్‌మన్ ఆవిడ వాచిన పెదాలు చూసి, ఏమీ అడగకుండా పక్కకి తప్పుకుంటాడు. తిరుగు దారిని ఇంతకంటే లాగొద్దు. ఛేజింగులు పెట్టాలనిపిస్తుంది, పెట్టొద్దు. ఆవిడ మీద వచ్చే ఒత్తిడి మేస్త్రి నోటి నుంచి, అదీ మంచిగా రావాలి: "అమ్మా నాంచారమ్మా, ఇన్నేళ్లలో నేన్నిన్నెప్పుడన్నా ఒక మాటన్నానా?"

మళ్లీ పుట్టడం

పెద్ద మనుషుల ముందు పంచాయితీ. ఆవిడ గోతం పేలిక తీసి బల్ల మీద పెడుతుంది. షావుకారు నవ్వుతాడు. "రెండు ముళ్లు ఎవరైనా వేస్తారు."

ఇక్కడ ఉపన్యాసం రాశారో, ఇన్నాళ్ల కష్టం పోయినట్టే. నాంచారమ్మకి ఉపన్యాసం రాదు, రాకూడదు. ఆవిడ దబ్బనం అడుగుతుంది, గోతం అడుగుతుంది, నేల మీద కూర్చుని కుట్టడం మొదలుపెడుతుంది. మొత్తం కుట్టు, ఆపకుండా, ఒకే షాట్‌లో. కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎడం అదే, పురికొస తిప్పే వాటం అదే, చివర రెండు ముళ్లు. పాత పేలికని పక్కన పరుస్తుంది. చూసేవాళ్లు ఒక్కొక్కరే వంగి చూస్తారు.

"ఇది నా చెయ్యి," అంటుంది. గోడకి అంటించుకున్న కాగితం మీది మాటని మీరిప్పుడు తీసేయొచ్చు.

ఇంటికి తెచ్చిన అమృతం

వెళ్లిన మనిషి ఊరికి ఏదో ఒకటి తేవాలి. టిక్కీలు తిరిగి రావడం, అప్పు తీరడం ఒక్క సీన్లో చెప్పేయండి. న్యాయం మొత్తం జరిగినట్టు చూపించకండి, షావుకారికి పెద్దగా ఏమీ కాకపోయినా సరే. నాంచారమ్మకి ఆ గోడౌన్లో పని పోయిందనే పెట్టండి. గెలిచినందుకు ఆవిడ చెల్లించినది ప్రేక్షకుడి లెక్కలోకి రావాలి.

చివరి సీను తర్వాతి సంక్రాంతి దాటాక, ఇంకో ఊరి కళ్లంలో. కొత్త కాయ. పదకొండు మందిలో ఏడుగురే వచ్చారు. అందరూ వరసగా కూర్చుని గోతాలు కుడుతున్నారు. కెమెరా ఒక్కొక్కరి చేతి మీదుగా మెల్లగా పోతుంది. ఒకావిడ ముడి వేసి చివర్న చిన్న ఉచ్చు వదిలింది. ఇంకొకావిడ మూడు వేసింది. మేస్త్రికి చెప్పేసిన ఆవిడ పురికొస పట్టుకుని ఇంకా ఆలోచిస్తోంది. నాంచారమ్మ తన గోతం పూర్తి చేసి, ఆమె చేతిలోకి దబ్బనం అందిస్తుంది.